బోరు ఓబులేసు హెడ్‌ఫోన్లు చూడవచ్చిన రోజు

నా అంగడి ఫ్యాను మీద నాకొక ఫిర్యాదు ఉంది. తిరుగుతుంది, కాదనను. తిరిగిన ప్రతిసారీ ఆ సంగతి అందరికీ చెప్పుకుంటుంది. కిర్రు, కిర్రు అని. గది అద్దెకిచ్చిన ఆసామిని అడిగితే, "ఫ్యాను ఉండాదని చెప్తి గానీ, గమ్మునుంటాదని చెప్తినా?" అన్నాడు. న్యాయమే.

ప్రొద్దుటూరులో ఆ ఫ్యాను కిందే నేను చాలా ఏళ్లుగా చెవికి పెట్టుకునే వస్తువులు అమ్ముతున్నాను. కరోనా తగ్గి అంగళ్లు మళ్లీ కుదురుకున్న ఏడాది, ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం పులివెందుల బస్సు దిగి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పేరు ఓబులేసు. యాభై అయిదు దాటి ఉంటాయి. బోర్లు వేసే రిగ్గు మీద డ్రిల్లరు, అంటే బండలోకి రాడ్లు దింపే మనిషి. ఆమె లింగమ్మ. చేతిలో చీనీకాయల సంచి, అంటే బత్తాయిలు.

"చెవులంతా మూసుకునేది, శానా మంచిది చూపీప్పా. దుడ్ల గురించి ఆలోచించొద్దు," అన్నాడు ఓబులేసు.

నా సర్వీసులో ఈ మాట వినడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ అన్నవాళ్లు ఏమీ కొనలేదు. అయినా ఆశ చావదు కదా, అద్దాల బీరువాలో పై వరుసలో ఉన్న ఇరవై ఎనిమిది వేల జత దించాను.

చెవిని పూర్తిగా కప్పేవాటిని ఓవర్-ఇయర్ అంటాం. ఖరీదైనవాటిలో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటుంది. బయట ఎడతెగకుండా వచ్చే మోతను లోపలి చిన్న మైకు పట్టుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురు అలను యంత్రం చెవిలోకి వదులుతుంది, రెండూ ఢీకొని చల్లారతాయి. డిగ్రీలో మూడేళ్లు ఫిజిక్స్ చదివింది ఈ ఒక్క వాక్యం చెప్పడానికేనని ఇప్పుడు అర్థమవుతోంది.

దాన్ని చూపించడానికి నాకొక పద్ధతి ఉంది. ముందు హెడ్‌ఫోన్లు పెట్టి, ఫ్యాను మోత విననిస్తాను. తర్వాత బటన్ నొక్కుతాను. కిర్రు ఆగుతుంది, మనిషి ముఖం విచ్చుకుంటుంది, నేను బిల్లు పుస్తకం తీస్తాను. ఫ్యాను బాగుచేయించకపోవడానికి ఆసామి ఒక్కడే కారణం కాదని ఒప్పుకుంటున్నాను.

ఓబులేసు తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, అలవాటు కొద్దీ తొందరపడి అడిగేశాను. "ఫ్యాను మోత పోయింది గదా మామా?"

నా నోటి వైపే చూస్తూ, "శుద్ధంగా పోయిందప్పా," అన్నాడు.

నా వేలు ఇంకా బటన్ దగ్గరికి పోలేదు.

లింగమ్మ నా ముఖం చూసి అంది: "ఆయప్పకు ఫ్యాను పోయి ఆరేండ్లయింది నాయనా. నేను పోయి నాలుగేండ్లు."

డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడట. ఈయన వద్దన్నాడట. ఎందుకో ఓబులేసే చెప్పాడు. గట్టిబండ దాటి నీళ్లుండే పొరలోకి దిగేటప్పుడు రిగ్గు మోత మారుతుంది. ఆ మార్పును అందరికంటే ముందు పట్టేది ఓబులేసేనని తొండూరు చుట్టుపక్కల పేరు. అతను చెయ్యెత్తితే నీళ్ల పొర తగిలినట్టే.

"చెవిటి మిషను పెట్టుకున్నోన్ని యా రైతు బోరుకు పిలుస్తాడప్పా? ఇదైతే, ముసలోడు పాటలు ఇంటాండాడులే అనుకుంటారు."

ఇలాంటి జతల్లో యాంబియెంట్ మోడ్ అని ఇంకొకటి ఉంటుంది. బయటి శబ్దాలను మైకుతో పట్టి, కాస్త పెంచి లోపలికి పంపుతుంది. దాన్ని పూర్తిగా పెంచి పెట్టాను. ఓబులేసు ఉలిక్కిపడి పైకి చూశాడు.

"బేరింగు పోయిందప్పా దానికి," అన్నాడు.

లింగమ్మ వెనక నుంచి, "మధ్యాన్నం మాత్తర ఏసుకోలే నువ్వు," అంది, మామూలు గొంతుతోనే.

ఆయన మెల్లగా ఆమె వైపు తిరిగాడు. 

"ఏమ్మే, నీ గొంతు ఇంత ముసల్దయిందేంది?"

"నువ్వు ఇననప్పుడు అయింది," అని లింగమ్మ సంచిలోని చీనీకాయలు సర్దడం మొదలుపెట్టింది. వాటికి సర్దవలసిన అవసరమేమీ లేదు.

ఓబులేసు బనియను జేబులోంచి డబ్బు తీశాడు. అప్పుడు బిల్లు రాసి ఉంటే నన్ను తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. కానీ నోరు ఊరుకోలేదు. "మామా, ఇది అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచుతాది. నీ చెవిలో ఏది పోయిందో, ఎంత పోయిందో దీనికి తెలీదు. చెవి పరీక్ష చేసి దానికి తగినట్టు సరిచేసేది మిషనొక్కటే."

"రిగ్గు కాడ చూసి చెప్తా," అన్నాడు. మొండిమనిషి. కొత్తది చెడగొట్టుకోవడమెందుకని, డబ్బు తీసుకోకుండా, చూపించడానికి పెట్టుకున్న జతనే ఇచ్చి పంపాను.

మూడోరోజు ఇద్దరూ మళ్లీ వచ్చారు. హెడ్‌ఫోన్ల మెత్తల నిండా బండపొడి. ఓబులేసు వాటిని బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"తొండూరు కాడ బోరు పాయింటు. రిగ్గు మోత తట్టుకోలేక, మోత ఆపే మీట నొక్కితి. మోత శానా మటుకు పాయె. యాడో కొండవతల మోగుతాండట్టు ఉండాది. ఇంగ నా పని అయిపాయె అనుకుంటి. రెండునూర్ల అడుగులు దిగినాక, అరికాలు కింద నేల అదురు మారింది. చెయ్యెత్తితి. తడి బండపొడి లేచింది, నీళ్లు పడె."

తన పాదాల వైపు చూసుకున్నాడు.

"చెవి చెప్తాండాదనుకుంటి ఇన్నేండ్లు. అది ఎప్పుడో పాయె గదా. చెప్తాండేది అరికాలప్పా."

"అయితే ఇంక చెవులతో ఏం పని మామా?" అన్నాను.

ఓబులేసు లింగమ్మను చూపించాడు. "ఇది తిట్టేది ఇనాల గదా. నాలుగేండ్లవి బాకీ ఉండాయి."

"కూచో, మొదలుపెడతా," అంది ఆమె.

చెవి పరీక్ష చేసేచోటు కాగితం మీద రాసిచ్చాను. మిగిలిన వినికిడి పోకుండా, రిగ్గు నడిచేటప్పుడు చెవులను మూసే మామూలు రక్షణ కప్పులు పెట్టుకోమన్నాను. అవి నా అంగట్లో దొరకవు. మొత్తానికి ఆ వ్యాపారంలో నాకు మిగిలింది, బండపొడి పట్టిన ఒక జత, సంచెడు చీనీకాయలు. కాయలు తియ్యగానే ఉన్నాయి.

ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనాలా వద్దా అని నన్ను ఇప్పటికీ చాలామంది అడుగుతారు. బ్యాటరీ గురించి, శబ్దం నాణ్యత గురించి అన్నీ చెబుతాను. దానికి ముందు మాత్రం, పెట్టుకొని ఎవరి మాట వినాలనుకుంటున్నారని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు ఆలోచించుకుని వస్తామని వెళ్లిపోతారు. నా వ్యాపారం పెద్దగా పెరగలేదు.

నాలుగు నెలల తర్వాత ఓబులేసు ఒక్కడే వచ్చాడు. చెవి వెనక చిన్న మిషను. "ఏందిది అని ఒక రైతు అడిగె. నీళ్లు ఇనే మిషను అంటి. ఇప్పుడు యా పాయింటుకు పిలిచినా, అది తెచ్చుకో అంటాండారు," అన్నాడు.

అది అబద్ధమని చెప్పడానికి నాకున్న ఫిజిక్స్ సరిపోతుంది. టీ తెప్పించాను.

గ్లాసు నోటిదాకా తెచ్చి, ఆగి, తల పైకెత్తాడు. కాసేపు విన్నాడు.

"దీన్ని ఇంగా బాగుచేయించలేదేందప్పా? నీకేమన్నా చెవుడా?"