ఆపమంటే ఆగే రాట్నం

ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని చెప్పేవాళ్ళ దగ్గర సాధారణంగా డైరీలు ఉండవు. నా దగ్గర ఉన్నాయి. నా చిక్కంతా అదే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు వదలకుండా రాసినవి, ఏడాదికొకటి చొప్పున, అట్టల మీద అంకెలు వేసి, మధ్య మధ్య వేపాకు పెట్టి, బీరువా కింది అరలో వరసగా పేర్చి ఉంటాయి (కింది అరలోనే ఎందుకో తర్వాత తెలుస్తుంది). తోటి రిటైర్డు మిత్రులు శ్రీకాకుళంలో సాయంత్రం పూట బెంచీ మీద కూర్చుని తమ యౌవనం గురించి హాయిగా కోతలు కోస్తుంటే, నేను మాత్రం నోటి దాకా వచ్చిన మాటను మింగి, ఇంటికెళ్ళి సరిచూసుకుని, మర్నాడు చెప్పాల్సి వస్తుంది. మర్నాటికి ఆ కబురు ఎవరికీ అక్కర్లేదు.

పోయిన నెలలో మా మనవరాలు ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. హైవే పక్కన ఒక వినోదాల పార్కులో చాలా ఏళ్ళుగా తిరుగుతున్న జెయింట్ వీల్‌ను పీకేసి, మనిషిని తలకిందులుగా వేలాడదీసి ఊపే యంత్రమేదో తెస్తారట. ఆ పార్కు అభిమానులకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. పాతది ఉండాలని సగం మంది, కొత్తది రావాలని సగం మంది మూడు వారాలుగా తిట్టుకుంటున్నారు. మా మనవరాలు పాత పక్షానికి నాయకురాలు. "తాతా, నువ్వు పెద్దోడివి కదా, మా వైపు నాలుగు ముక్కలు మాటాడు. గ్రూపులో పెట్టేస్తాను" అంది. నన్ను ఎవరైనా అభిప్రాయం అడిగి చాలాకాలమైంది కాబట్టి ఛాతీ కొంచెం పొంగింది. "అమ్మా, మీరిప్పుడు చేస్తున్న యుద్ధం నేను యాభై ఏళ్ళ కిందటే చేసి గెలిచాను" అన్నాను. "గెలిచినావా! అయితే డైరీలో ఉంటాది కదా, ఆ పేజీ ఫొటో తీస్తాను" అంది. అక్కడ దొరికిపోయాను. ఎలా దొరికిపోయానో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గరివిడికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఒక పంచాయతీలో గుమస్తాగా చేరి రెండేళ్ళు దాటింది (ఊరి పేరు రాయను, నన్ను గుర్తుపెట్టుకున్నవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు). ఏటా కోతలయ్యాక ఆ ఊళ్ళో వారం రోజులు తీర్థం జరిగేది. జీళ్ళ కొట్లు, గాజుల కొట్లు ఎన్ని వచ్చినా మైదానం ముఖద్వారం పక్క జాగా మాత్రం రాట్నానిదే. పాతిన రెండు గుంజలు, వాటి మధ్య ఆముదం పోసిన ఇరుసు, నాలుగు చెక్క తొట్టెలు. ఇంజనూ లేదు, మరొకటీ లేదు. దూలాలు పట్టుకుని చేత్తో తిప్పడమే. తిప్పే మనిషిని ఊరంతా రాట్నం మావ అనేవారు. ఏడాదంతా ఎడ్లబండి మీద కట్టెలు తోలుకునే ఆయన ఆ వారం రోజులూ ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

ఆ ఏడు విజయనగరం నుంచి ఇంజనుతో తిరిగే ఇనప రాట్నం వస్తుందని కబురు తెలిసింది. ఊరు నిలువునా రెండుగా చీలింది. ఇంజను పక్షానికి పెద్ద మా మేనత్త కొడుకు. రైసు మిల్లులో పనిచేస్తూ నాతో ఒకే గదిలో ఉండేవాడు, ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. టీ బడ్డీ దగ్గర రోజూ సాయంత్రం సభ జరిగేది. "మీ రాట్నం కిర్రు కిర్రుమంటాది బావా, మా అమ్మమ్మ మోకాళ్ళలాగ" అనేవాడు (వాడి అమ్మమ్మ నాకు నాయనమ్మ, ఆ మాటకి నేను రెండు విధాలా నొచ్చుకునేవాణ్ణి). మా పక్షం వాడొకడు లేచి, "మరి మీ ఇంజనుకి డీజిలైపోతే ఏటి సేస్తావు? పైన కూకుని కాకులకి కబుర్లు సెప్తావా?" అనేవాడు. "కాకులకైనా సెప్తాను గానీ, మీ రాట్నమెక్కితే ఎంతెత్తుకెల్లినా ఇదే బడ్డీ, ఇవే మీ మొకాలు. ఏటుంది సూడ్డానికి?" అని బావ జవాబు.

మా పక్షం అన్నాను గానీ, నేను అందులోకి ఎలా చేరానో చెప్పలేదు. ఒక ఉదయం రాట్నం మావ ఆఫీసు గుమ్మంలో తలగుడ్డ తీసి నిలబడ్డాడు. "బాబూ, జాగా ఒకలికేనంట. ఇంజనొస్తే నాను ఎలిపోవాలంట. మా అయ్య తవ్విన గోతుల్లోనే నాను గుంజలు పాతుతన్నాను, కొత్తగా తవ్విందే నేదు. మీకు రాట్నమంటే పేణం కదా, ఒక అర్జీ రాయండి" అన్నాడు. రాట్నమంటే నాకు ప్రాణమని ఆయన అనుకోవడానికి కారణం ఉంది. అంతకు ముందు రెండు తీర్థాల్లోనూ నేను రోజూ దాని ఎదుట నిలబడి, గడియారం చూసి, ఒక్కో విడతకి ఎన్ని చుట్లు తిరుగుతుందో చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నిజానికి నేను రాట్నం ఎన్నడూ ఎక్కలేదు. పుట్టుకతోనే నాకు ఎత్తంటే భయం. ఆఫీసులో పై అర ఫైళ్ళు బంట్రోతు చేత తీయించుకునేవాణ్ణి. చేతిలో పుస్తకం ఉన్నవాణ్ణి మాత్రం "నువ్వెక్కవేం?" అని ఎవరూ అడగరు. ఆ సంగతి కనిపెట్టడమే నా యౌవనంలో నేను సాధించిన గొప్ప విషయం.

అర్జీ రాశాను. తొట్టె పైకి చేరినప్పుడు దూరాన కొండలు కనిపించి మనసు దూదిలా తేలిపోవునని, దిగినవాళ్ళను అడిగి మరీ రాశాను. మర్నాడు పొద్దున్నే బావ తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "మాకూ ఒకటి రాసిపెట్టు బావా. నా రాత సూస్తే కోడి కెలికిందంటారు." "నేను ఎదటి పార్టీ కదరా?" "పార్టీలు సాయంత్రం కదా. ఇప్పుడు పొద్దున్న. రాయి." గదిలో వంట వాడిదే కాబట్టి రాయక తప్పలేదు. పైగా చెడ్డ అర్జీ రాయడం నాకు చేతకాదు. కాలముతో పాటు చక్రము కూడా ముందుకు తిరుగవలెనన్న వాక్యం రాసి, ఒక్క క్షణం నేనే పార్టీ మారిపోయాను.

రెండు కాగితాలూ ఊరంతా తిరిగి, నిండా సంతకాలతో తీర్థం కమిటీ పెద్ద అయిన ప్రెసిడెంటు గారి ముందుకు చేరాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఒకటి చదివారు, రెండోది చదివారు, మళ్ళీ మొదటిది తిప్పారు. "ఏటోయ్ గుమస్తా! ఇటూ ఆలే, అటూ ఆలే. రెండిట్లోనూ నా సంతకం కూడా ఉన్నాదేటి?" అన్నారు. (మా వైపు పల్లెల్లో కాగితం తెచ్చినవాణ్ణి సంతకం చేయకుండా పంపడం మంచినీళ్ళు ఇవ్వకుండా పంపినట్టే.) జనం నవ్వు ఆగాక ఆయన తీర్మానం చెప్పారు: "రెండూ నీ సేతిరాతే. రెండు రాట్నాల సంగతీ ఇంత బాగా తెలిసినోడు ఊళ్ళో ఇంకొకడు లేడు. రేపు మజ్జానం రెండూ ఎక్కు. జాగా ఎవలికో నువ్వే సెప్పు. నీ మాటే మాట." రేపు ఆఫీసులో పని ఉందండి అన్నాను. "రేపు ఆదివారం కాదేటి?" అన్నారు.

మర్నాడు ఊరంతా మైదానంలో ఉంది. అప్పటికే దిగిన ఇనప రాట్నాన్ని కూడా తీర్పు కోసం ఓ పక్క బిగించారు. రాట్నం మావ తలగుడ్డతో తొట్టె తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. బరువు సరిపోవడానికి ఎదురు తొట్టెలో ఇసక బస్తా పెట్టాడు. ఆ బస్తా ముఖంలో ఉన్నంత ధైర్యం నా ముఖంలో లేదని తర్వాత బావ అన్నాడు. తొట్టె మనిషి ఎత్తుకు లేచిందో లేదో, నా చెప్పులు నన్ను వదిలి కింద పడ్డాయి, నోట్లోంచి ఒక కేక వచ్చింది. అంతే, మావ దూలానికి వేలాడి రాట్నాన్ని ఆపేశాడు. "ఉండండుండండి, ఇరుసుకి ఆముదం సాల్నేదు!" అని జనానికి వినబడేలా అరిచి, నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఎప్పుడూ ఎక్కనేదా బాబూ?"

తల అడ్డంగా ఊపాను.

"మరా కాయితంలో కొండలూ అవీ?"

"అడిగి రాశాను."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తన జాగా ఎలాంటివాడి చేతిలో ఉందో ఆ క్షణంలో ఆయనకి అర్థమై ఉండాలి. అయినా, "కళ్ళు మూసుకోండి. నాలుగే సుట్లు. ఆపమని కేకెయ్యక్కర్నేదు, సిన్నగా అన్నా నాకు ఇనిపిస్తాది" అన్నాడు. నాలుగు చుట్లలో ఆరుసార్లు చిన్నగా అన్నాను. ఆరుసార్లూ ఆపాడు. ప్రతిసారీ ఆముదం వంకే చెప్పాడు.

తర్వాత ఇనప రాట్నం. దాని మనిషి దూరంగా ఇంజను పక్కన, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. అది నన్ను తాడిచెట్టంత ఎత్తుకి తీసుకుపోయింది. కళ్ళు తెరవలేదు కాబట్టి కొండల సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. "ఆపండి! ఆపండి!" అని ఊపిరున్నంత వరకు అరిచాను. కింద బావకి అది ఉత్సాహంలా వినిపించిందట. "అద్దీ బావా! ఇంకోపాలి!" అని ఈలలు వేశాడు. దాని లెక్క పూర్తయ్యాకే అది ఆగింది. దిగి నేల మీద చతికిలబడితే, తీర్పు ఆలోచిస్తున్నానని జనం చుట్టూ మూగారు.

"సెప్పు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆ రాట్నం ఆపమంటే ఆగుతుందండి. ఈ రాట్నం ఆపమన్నా ఆగదు. మనుషులెక్కే దాని దగ్గర వినేవాడొకడు ఉండాలి" అన్నాను. ఆ పూట నాకు తెలిసింది అదొక్కటే. జనం మాత్రం దాన్ని గొప్ప ఆలోచనగా తీసుకున్నారు. ముఖద్వారం జాగా మావకే దక్కింది. ఇనప రాట్నం తెచ్చిన విజయనగరం ఆసామి కాళ్ళావేళ్ళా పడితే మైదానం వెనకాల, బళ్ళు విప్పే చోట కాస్త స్థలం ఇచ్చారు.

మర్నాటి సాయంత్రం ఆ వెనక నుంచి మైకు మోగింది: "ఆపమన్నా ఆగని రాట్నం! గుమస్తా గారు సొయంగా ఎక్కి సెప్పిన మాట! రండి బాబూ రండి!" కుర్రకారంతా అటే పరిగెత్తింది. మా పక్షం వాళ్ళూ పరిగెత్తారు. ముఖద్వారం దగ్గర మాత్రం చంటిపిల్లల తల్లులు వరస కట్టారు, ఆపమంటే ఆగుతుందని. పిల్ల ఏడ్చినప్పుడల్లా ఆపాలి కాబట్టి మావకి ఆ వారం తిప్పడం కన్నా ఆపడమే ఎక్కువైంది. "తీర్పు బాగున్నాది బావా, ఇద్దర్నీ గెలిపించీసినావు" అన్నాడు బావ. డైరీలో మాత్రం తీర్పు రోజు రాత్రే గెలిచామని రాసేసుకున్నాను.

బదిలీ మీద వేరే ఊరు పోయి, రెండేళ్ళ తర్వాత తీర్థానికి వస్తే ముఖద్వారం పక్కన గాజుల కొట్టు ఉంది. మావ వెనకాల, ఇంజను రాట్నం కింద, ఇస్త్రీ చొక్కాతో తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఎవరైనా కేక వేస్తే చెయ్యెత్తి ఇంజను మనిషికి చెప్పడం ఆయన పనట. "నీ రాట్నమేది మావా?" అన్నాను. "గుంజలు పుచ్చిపోనాయి బాబూ. మిగిలింది పొయ్యిలోకి పనికొచ్చింది. వినేవోడొకడు ఉండాలని మీరే కదా సెప్పినారు, ఆ మాటకే ఈ పని ఇచ్చినారు" అన్నాడు. అది కృతజ్ఞతో, మరొకటో నాకు తెలియలేదు. "ఎక్కుతారా? నానున్నాను" అన్నాడు. నేను పుస్తకం చూపించి, "చుట్ల లెక్క రాయాలి మావా" అన్నాను. ఈసారి నవ్వాడు.

ఆనాడు మేము వికారమని తిట్టిన ఆ జెయింట్ వీల్ జాతిదే ఈనాడు మా మనవరాలు పాత బంగారమని కాపాడుకుంటున్నది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. కింది అరలోంచి డైరీ తీసి పేజీ తెరిచాను. "సాయంత్రం వరకు మైదానములో. రెండు రాట్నములూ ఎక్కితిని. భయమేమియు లేదు. గెలిచితిమి. రాత్రికి ఉప్మా." మనవరాలు చదివి, "నీకు భయమే నేదా తాతా!" అని ఫోను ఎత్తింది. "ఆగు" అన్నాను. ఆగింది.

ఎర్ర సిరా కలం తెచ్చుకుని, 'భయమేమియు లేదు' అన్నది ఆఫీసు పద్ధతిలో ఒక్క గీతతో కొట్టేసి, పైన 'మిక్కిలి భయపడితిని' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసి, ఇవాళ్టి తేదీ వేశాను. యాభై ఏళ్ళ కిందటి అబద్ధం నిటారుగా, ముత్యాల్లా ఉంది. ఇవాళ్టి నిజమే కాస్త వణికింది. మనవరాలు అది చదివి, ఫొటో తీయకుండానే ఫోను కింద పెట్టింది. "ఆ వీల్‌ను పీకేసేలోపు ఓసారి ఎక్కుదామా తాతా? నేను పక్కనే ఉంటాను కదా" అంది.

సరేనన్నాను. ఆదివారానికి చేతిసంచిలో ఏమేం పెట్టుకోవాలో కూడా అప్పుడే రాసుకున్నాను: కళ్ళజోడు, మంచినీళ్ళ సీసా, చుట్ల లెక్క రాయడానికి ఒక చిన్న పుస్తకం.