ఉదయగిరి మబ్బులో చిన్నాయనను పిలిచిన టార్చి

మా చిన్నాయన దేవదానం ఆత్మకూరులో దర్జీ. ముప్పై ఏళ్ల వయసులో వచ్చిన విషజ్వరంతో ఆయనకు వినికిడి పూర్తిగా పోయింది. మాట మాత్రం పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి విషయం పట్టుకునేవాడు, జవాబు కాస్త గట్టిగా చెప్పేవాడు. మిషను ముందు తలవంచుకొని ఉన్నప్పుడు ఆయన్ను పిలవాలంటే మా చిన్నమ్మ కాంతమ్మ గుమ్మం దగ్గరున్న స్విచ్ రెండు మూడుసార్లు వేసి ఆర్పేది. బల్బు మిణుకుమనగానే తలెత్తేవాడు. తొంభైల నడుమ, నేను నెల్లూరులో టీచరుగా చేరిన కొత్తలో, క్రిస్మస్ సెలవులకు వాళ్లింటికి వెళ్లాను. ఉదయగిరి కొండకు తోడు రమ్మని చిన్నాయన అప్పుడే అడిగాడు. కుర్రతనంలో మా తాతతో కలిసి ఒకసారి ఎక్కాడట. మళ్లీ ఎక్కాలని ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నాడు. చెవులు పోయాక చిన్నమ్మ ఆయన్ను ఒంటరిగా ఊరు దాటనిచ్చేది కాదు.

"నువ్వు పక్కనుంటావనే పంపిస్తా ఉండా," అంది చిన్నమ్మ నాతో. "ఒక్క అడుగు కూడా వదిలిపెట్టబాక. వెనక లారీ వచ్చినా ఆయనకు తెలీదు."

"నేనేం పసిబిడ్డనా?" అన్నాడు చిన్నాయన ఆమె పెదాలు చూసి.

"చెవులకు పసిబిడ్డవే," అంది చిన్నమ్మ మా సంచిలో నీళ్ల సీసా సర్దుతూ. ఆ సంచిలోనే ఒక టార్చి కూడా పెట్టింది. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన సఫారీ సూటు కుట్టించుకొని, కుట్టు నచ్చి చిన్నాయనకు కానుకగా ఇచ్చిపోయిన టార్చి అది. మీట ఒకసారి నొక్కితే మామూలుగా వెలిగేది. ఇంకోసారి నొక్కితే దానంతటదే ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఆ రెండోదాన్ని పిల్లల ఆటకు పెట్టారనే నేను అనుకున్నాను.

ఉదయగిరి వెళ్లే మొదటి బస్సు అయిదున్నర ప్రాంతంలో ఉండేది. మేం బస్టాండుకు పోకుండా ఇంటి దగ్గరి రోడ్డు మీదే నిలబడ్డాం. ఇంకా చీకటిగానే ఉంది, మంచు పట్టి ఉంది. బస్సు లైట్లు దూరాన కనబడగానే చిన్నాయన టార్చిని మిణుకుమనేలా పెట్టి, డ్రైవరు కళ్లల్లో పడకుండా రోడ్డు అంచుమీదికి వంచి పట్టుకున్నాడు. బస్సు మమ్మల్ని కాస్త దాటి ఆగింది.

"పోలీసోళ్లేమో అనుకున్నా సామీ," అన్నాడు డ్రైవరు మేం ఎక్కుతుంటే. "ఊరికే వెలుగుతా ఉంటే సైకిలోడులే అని పోయుండేవాణ్ణి. ఆరి వెలుగుతా ఉండేసరికి కాలు బ్రేకు మీదికి పోయింది."

టికెట్టు మనిషికి పన్నెండో పద్నాలుగో రూపాయలు. దాదాపు గంటన్నర ప్రయాణం. ఊళ్లు తగ్గుతూ, చిట్టడవీ గొర్రెల మందలూ పెరుగుతూ పోతే, ఉదయగిరి రాకముందే కొండ కనబడుతుంది. ఆ ఉదయం దాని తల మీద మబ్బు తునక కూడా లేదు. బస్టాండు పక్కన దోసెలు పోసే ఆమె దగ్గర ఎర్రకారం దోసెలు తిన్నాం. ఇద్దరికీ టీలతో కలిపి పదిహేను రూపాయలు కూడా కాలేదు. కొండకు వెళ్తున్నామని చెబితే ఆమె పెనం మీంచి తలెత్తి చూసింది.

"ఎక్కండి గానీ మధ్యాహ్నానికి దిగేయండి. వానలు పోయినా పైన మబ్బు దిగతానే ఉండాది. బాగుందని అనుకుంటామా, ఉన్నట్టుండి కమ్ముకుంటది."

దారి మొదట్లో రాతి మెట్లు బాగానే ఉన్నాయి. పైకి పోయేకొద్దీ అవి విడిపోయి, ముళ్లపొదల మధ్య కాలిబాటగా మారాయి. కూలిన కోటగోడలు దాటుతూ, ఆగుతూ, నీళ్లు తాగుతూ రెండున్నర గంటలకు పైగా ఎక్కాం. చిన్నాయన నాకంటే హుషారుగా నడిచాడు. మా తాత ఎక్కడ కూర్చున్నాడో, ఎక్కడ చెప్పు తెగిందో చూపిస్తూ పోయాడు. పైన పాడుబడిన మసీదు దగ్గరికి చేరాక నా పాదంలో ముల్లు విరిగింది. నేను గోడవారన కూర్చొని పిన్నీసుతో తీసుకుంటున్నాను.

"ఆ పక్కన గుంట ఉండాల. మా నాయన ఆడ నీళ్లు తాగినాడు. చూసొస్తా," అని చిన్నాయన ముందుకు కదిలాడు. పది అడుగులే కదా అనుకొని నేను తల వంచుకున్నాను.

ముల్లు తీసి తలెత్తేసరికి ఎదురుగా ఏమీ లేదు. మబ్బు కొండ మీదుగా పొర్లుకుంటూ వచ్చేసింది. నేను ఆనుకున్న గోడ కూడా చేతికి తగులుతోందే గానీ సగమే కనబడుతోంది. "చిన్నాయనా!" అని అరిచాను. రెండోసారి అరవబోతూ ఆగిపోయాను. ఆయనకు వినబడదు. అంతకుముందు ఎన్నోసార్లు తెలిసిన ఆ విషయం అప్పుడే మొదటిసారి తెలిసినట్టయింది. లేచి పరుగెత్తబోయాను.

"నడవబాక," అంది ఒక ఆడగొంతు. మేకలు తోలుకొచ్చిన చెంచమ్మ అనే ఆవిడ నాకు నాలుగడుగుల్లోనే మసీదు అరుగు మీద కూర్చొని ఉంది. మేకలు ఆమె చుట్టూ ముడుచుకున్నాయి. "ఆ పక్క గోడ కూలిపోయుండాది. దాని కింద లోయ. మబ్బు పోయేదాకా ఉన్నచోటే ఉండు. పోయినాయన్ని కూడా ఉండమని కేకెయ్యి."

"ఆయనకు చెవులు వినపడవు."

చెంచమ్మ లేచి నా పక్కకు వచ్చి నిలబడింది.

సంచిలోంచి టార్చి తీసి వెలిగించాను. వెలుతురు రెండు బారలు కూడా పోలేదు. తెల్లటి మబ్బులో తెల్లటి మరకలా నిలిచిపోయింది. "పొగలో పాలు పోసినట్టుండాది, ఏం కనపడుద్ది," అంది చెంచమ్మ. అప్పుడు గుమ్మం దగ్గర స్విచ్ వేసి ఆర్పే చిన్నమ్మ గుర్తొచ్చింది. మీట ఇంకోసారి నొక్కాను. ఆ మరకే ఇప్పుడు పోయి వస్తూ, పోయి వస్తూ కదలసాగింది. చెంచమ్మ రాళ్లెక్కి, గోడమీద ఎత్తయిన చోట టార్చిని చిన్నాయన వెళ్లిన వైపుకి తిప్పి పెట్టింది. దాన్ని పట్టుకొని ముందుకు పోదామని నాకు ఉంది గానీ, ఆమె నా మోచెయ్యి వదల్లేదు.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. చిన్నమ్మకు ఏం చెప్పాలి అన్న ఒక్క మాటే నా తలలో తిరుగుతోంది. మేకల మెడగంటలు తప్ప చప్పుడు లేదు. చివరికి, మేం చూస్తున్న వైపు కాకుండా కుడిపక్క నుంచి రాళ్లు జారిన శబ్దం వినబడింది. చిన్నాయన దాదాపు పాక్కుంటూ, ప్రతి రాయినీ చేత్తో తడుముకుంటూ వచ్చాడు. పంచె మోకాళ్ల దగ్గర బురదైంది. నన్ను చూసి, గోడ మీది టార్చిని చూసి, కూలబడ్డాడు.

"మీ చిన్నమ్మ అన్నానికి పిలస్తా ఉండాదనుకున్నా," అన్నాడు.

నేను నవ్వబోయి ఏడ్చేశాను. ఆయన నా తలమీద చెయ్యి వేసి, ఈసారి మెల్లగా చెప్పాడు. "చెవులు పోయినా కళ్లుండాయిలే అని బతకతా ఉండా. మబ్బులో రెండూ పోయినాయి. ఎటు కదిలినా తప్పేనని రాయికి ఆనుకొని కూర్చున్నా. కంటి కొసన ఏదో మిణుకుమన్నది. అది నన్నే పిలస్తా ఉండాదని తెలిసిపోయింది."

అరగంటలో మబ్బు వచ్చినట్టే పోయింది. చెంచమ్మే మమ్మల్ని గుంట దగ్గరికి తీసుకుపోయింది. నీళ్లు చల్లగా, తేటగా ఉన్నాయి. చిన్నాయన దోసిలి పట్టి తాగి, చాలాసేపు గట్టున కూర్చున్నాడు. దిగేటప్పుడు నా చెయ్యి ఆయన పట్టుకున్నాడో, ఆయన చెయ్యి నేను పట్టుకున్నానో గుర్తులేదు. ఊళ్లో చెక్క గరిటెలు చెక్కే ఇంట్లో చిన్నమ్మకు రెండు కొన్నాం. సాయంత్రం బస్సుకు ఆత్మకూరు చేరాం.

జరిగింది దాచుదామని నేను అనుకుంటుండగానే చిన్నాయన గుమ్మంలోనే అంతా చెప్పేశాడు. చిన్నమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. "నేను ఇన్నేళ్లు స్విచ్ ఏస్తా ఉంటే ఆ పిలుపు ఇంట్లోకే అనుకున్నా," అని మాత్రం అంది. ఆ వేసవిలో చిన్నాయన సోమశిల డ్యాము నీళ్లు చూడ్డానికి ఒంటరిగా వెళ్లాడు. తర్వాత జలదంకిలో ఒక పెళ్లికి వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ చిన్నమ్మ బస్సెక్కించి, వచ్చేదాకా వీధిలో నిలబడేది గానీ, వద్దని అనడం మానేసింది. వినబడని మనిషి అంటే ఇంట్లో ఉండాల్సిన మనిషి అని మేమంతా ఎప్పుడు తీర్మానించామో నాకు తెలియదు. ఆ కొండకు పోకపోయుంటే అది మేం చేసిన తీర్మానమని కూడా తెలిసేది కాదు.

మీరు ఆ కొండకు వెళ్లేటట్టయితే వానలు వెనకబట్టాక వెళ్లండి, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి, మిణుకుమనే టార్చి ఒకటి దగ్గరుంచుకోండి. నడిచేటప్పుడు మామూలు వెలుతురే వాడండి, మిణుకుమనేదానితో అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. ఎవరైనా తప్పిపోతే మాత్రం దాన్ని ఎత్తులో పెట్టి మిణుకుమననివ్వండి. వెతకడానికి పోవాలని మనసు ఎంత లాగినా, టార్చి ఉన్నవాళ్లు కదలకూడదు.