మిరప చేలో ఏడో తరగతి

మా హెడ్మాస్టారు గారికి కొత్త చదువులంటే ప్రాణం. అద్దంకి దగ్గర మా బడికి మొట్టమొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దుమ్ము పడుతుందని దుప్పటి కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. పిల్లలు కిటికీలోంచి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. దేశం ముందుకెళ్ళడమంటే ఇదేనని రోజూ ప్రార్థన కాగానే చెప్పేవారు.

ఆయనకు మిరప చేను కూడా ఉంది. కోతలు మొదలైతే ఏడో తరగతి ఆడపిల్లలు మాయమయ్యేవాళ్ళు. ఆ ఏడాది క్లాసులోకెల్లా బాగా చదివే పిల్లే మాయమైంది. పబ్లిక్ పరీక్ష దగ్గరపడుతోంది. అది తప్పితే ఇక కూలికేనని వాళ్ళమ్మ తేల్చేసింది. లెక్కల టీచరుని కదా, నేనే వెతుక్కుంటూ వెళ్తే ఎక్కడ దొరికింది? మా సారు చేలోనే! నాకు ఒళ్ళు మండిపోయింది.

"సార్, ఆ పిల్ల బడికి రావట్లేదండీ" అన్నాను.

"నా కళ్ళ ముందే ఉందిగా మేడమ్, హాజరు వేసెయ్యండి" అన్నారు చల్లగా.

ఓహో, అలాగా! మర్నాడు స్టాండు బోర్డు మోయించి క్లాసు మొత్తాన్నీ ఆ చేని గట్టు మీదికి తోలుకెళ్ళాను. సాళ్ళ మధ్య కాయలు కోస్తున్న ఆ పిల్లకు వినబడేలా గొంతు చించుకుని లెక్కలు చెప్పాను. ఊరంతా చూసి ఆయన పరువు తీస్తుందని నా ఆశ. అంతకంటే మంచిదే జరిగింది. తనిఖీకి వచ్చిన అధికారి, బడిలో క్లాసు లేదని తెలిసి, హెడ్మాస్టారిని వెంటబెట్టుకుని నేరుగా చేలోకే వచ్చాడు. చచ్చాడు మా సారు అనుకున్నాను.

"పనిలోనే చదువు! ఇది మా బడి కొత్త పద్ధతి సార్" అన్నారు మా సారు, తడుముకోకుండా.

అధికారి మురిసిపోయాడు. ఆ పిల్లను పిలిచి ఒక లెక్క ఇచ్చాడు. అది కారం అంటిన చేతుల్ని పావడాకు తుడుచుకుని, బోర్డు మీద చకచకా చేసేసింది.

"ఈ అమ్మాయి పరీక్ష రాయాల్సిందే. నేనే వచ్చి చూస్తా" అన్నాడాయన.

ఇంకేముంది! పరీక్షలకు హెడ్మాస్టారే తన స్కూటరు మీద ఎక్కించుకెళ్ళి దింపారు. పాసైంది, పక్క ఊరి హైస్కూల్లో చేరింది. నేను సంతోషం పట్టలేక స్టాఫ్ రూములో ఏడ్చేశాను. ఆయనకేమో కొత్త పద్ధతి కనిపెట్టినందుకు శాలువా కప్పారు.

మరుసటి ఏడు మిరప పండగానే ఆయన పొద్దున్నే నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"మేడమ్, ఈసారి బోర్డు వద్దులెండి, మోయలేక చస్తారు. ఆరూ ఏడూ తరగతులు మొత్తం గంపలు తెచ్చుకోమనండి."