పదకొండో బెత్త

అమలాపురంలో మా దాబా చూసినవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. పైకెక్కితే, పిట్టగోడ ఇంత ఎత్తు ఎందుకండీ, ఏనుగునేమైనా పెంచుదామనుకున్నారా అంటారు. కిందికి వచ్చి ముందు గదిలో కూర్చుంటే, గుమ్మానికి ఎదురుగా మూరెడు చదరం మేర పూత లేకుండా ఇటుకలు బయటపడి ఉన్నాయేమిటంటారు. రెండింటికీ జవాబు ఒకటే. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పి తప్పించుకున్నాను. ప్లీడరును కదా, అది నాకు బాగా వచ్చిన విద్య. ప్రాక్టీసు మానేసి చాలాకాలమైంది. ఇక ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను.

యుద్ధం ముగిసిన కొత్తల్లో ఆ ఇల్లు కట్టాను. మా వీధిలో అంతవరకూ అన్నీ పెంకుటిళ్ళే. మొదటి దాబా నాది కావడంతో అది నాకు బాగానే తలకెక్కింది. గోడలూ మెట్లూ అన్నీ ఇటుకా గానుగ సున్నంతోనే లేచాయి. పిట్టగోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిమెంటు కావాలనిపించింది. కాకినాడలో ఒక పెద్ద వకీలు మేడ మీద చూశాను, మూలమూలకీ సిమెంటు పూలకుండీ, మధ్యలో తామరపువ్వు, దాని కింద ఇల్లు కట్టిన సంవత్సరం. అలాంటిది లేకపోతే దాబా కట్టీ ఏం లాభం? సిమెంటుకు అప్పుడు కంట్రోలు. పర్మిట్టు కోసం అర్జీ పెట్టుకుని కూర్చున్నాను. తాపీ మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు, "ఇటికతో లేపేత్తానండి బాబుగారు, మూడ్రోజుల పని" అని. నేను వినలేదు. ఇంతలో ముహూర్తం వచ్చేసింది. అంచు చుట్టూ ఏమీ లేని ఆ బోడి దాబా కిందే పాలు పొంగించాం.

ఆ రోజు వచ్చినవాళ్ళలో మా వీధి చివర కాపురముండే డాక్టరుగారు ఒకరు. తెల్లవారు. జర్మనీ వైపు నుంచి, యుద్ధానికి ముందు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈ దేశం వచ్చేశారు. ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేసేవారు. తెల్లవారు గనక కిరస్తానీ అయి ఉంటారని అందరం అనుకున్నాం. కాని ఆదివారం చర్చికి వెళ్ళేవారు కాదు. శనివారం సైకిలెక్కరు, కలం ముట్టుకోరు. ఉండబట్టలేక నేనే అడిగేశాను.

"నేను యూదుణ్ణండి. శనివారం మాకు పని ముట్టకూడని రోజండి. చర్చిలో చదివే ఆ పెద్ద పుస్తకంలో మొదటి సగం మాది. రెండో సగం సంగతి వాళ్ళని అడగాలండి" అన్నారు.

ఆయన తెలుగు నేర్చుకున్నది ఆసుపత్రి కాంపౌండరు దగ్గర. అందుకని మాటకి ముందొక ఆయ్, వెనకొక అండి తప్పకుండా ఉండేవి. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది. మా ఇంట్లో బొండం నీళ్ళూ అరటిపళ్ళూ తప్ప మరేమీ పుచ్చుకునేవారు కాదు. వంట తనే వండుకునేవారు, గిన్నెలు వేరు. పాపం ఆయనకీ మడి ఉందే అని మా ఆవిడ తెగ జాలిపడేది.

గృహప్రవేశం రోజున అందరూ దాబా ఎక్కి గాలికి మెచ్చుకున్నారు. డాక్టరుగారు మాత్రం అంచుదాకా వెళ్ళి, కిందికి తొంగిచూసి, వెనక్కి వచ్చారు.

"గోడేదండీ?"

"సిమెంటు రావాలండి."

"అందాకా మెట్లకి తలుపు పెట్టి తాళం వేస్తారాండి?"

నేను నవ్వేశాను. కొత్త దాబా కట్టుకుని ఎవరైనా మెట్లకి తాళం వేసుకుంటారా? "ఇల్లు పూర్తిగా ముగించకూడదండి. దిష్టి తగులుతుంది. ఏదో ఒక వెలితి ఉంచాలి" అన్నాను. మా అమ్మమ్మ అనే మాట అది. ఆ నిమిషానికి అక్కరకొచ్చింది.

"ఆయ్, మాకూ ఉందండి అలాంటిది" అన్నారాయన సంతోషంగా. "మావాళ్ళందరికీ ఉన్న ఒక్క దేవాలయం కూలిపోయి రెండు వేల ఏళ్ళు కావస్తోంది. అది మరిచిపోకూడదని, ఇల్లు కట్టుకున్నవాళ్ళు గుమ్మానికి ఎదురుగా మూరెడు గోడ పూత వెయ్యకుండా వదిలేస్తారు. మా నాన్నగారి ఇంట్లో ఉండేది. కాని వెలితి గోడ మీద ఉండాలండి, అంచు మీద కాదు. అంచు సంగతి మా ధర్మశాస్త్రం వేరే చెప్పింది. కొత్త ఇల్లు కట్టినవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పడ్డవాడి నెత్తురు ఆ ఇంటి మీద ఉంటుంది."

మూడు నాలుగు వేల ఏళ్ళ నాడు, ఎడారి పక్కన, పిట్టగోడ కోసం దేవుడు చట్టం చెయ్యడమేమిటని నాకు నవ్వొచ్చింది. వాళ్ళవీ దాబా ఇళ్ళేనట. వాళ్ళూ పైనే పడుకునేవారట, పైనే అన్నీ ఎండబెట్టుకునేవారట. క్రాసు పరీక్ష మొదలెట్టాను. "ఎంత ఎత్తుండాలో చెప్పిందాండి మీ చట్టం?"

ఆయన నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి గోడకి ఆనించారు. "ఇలాంటివి పది."

"దాన్ని మేం బెత్త అంటాం. ఎవరి బెత్త? చిన్నవాళ్ళదా, పెద్దవాళ్ళదా?"

"ఆ మాట మీద మావాళ్ళు తరతరాలుగా దెబ్బలాడుకుంటున్నారండి. మీరూ వచ్చి కూర్చోవచ్చు" అని ఆయనా నవ్వేశారు. మెట్లకి తలుపు మాత్రం నేను పెట్టించలేదు.

అంబాజీపేట దగ్గర మాకు కొబ్బరితోట ఉండేది. దింపు అయ్యాక కాయలు బండి మీద మా పెరట్లోకి వచ్చేవి. చెట్లెక్కి దింపు తీసేవాడి భార్యే ఆ కాయలు వలిచి, కొట్టి, చిప్పలు ఎండబెట్టేది. ముప్ఫయ్యేళ్ళ మనిషి, పని తప్ప మాట తెలియదు. దాబా వచ్చాక మంచి ఎండ అంతా అక్కడే గనక చిప్పలు పైకెక్కాయి. చిప్పలు తిరగెయ్యడానికి ఒక పద్ధతుంది. నడుం వంచి, రెండు చేతులతో వరసగా తిరగేసుకుంటూ, ఒక్కొక్క అడుగూ వెనక్కి వెయ్యాలి. ముందుకు నడిస్తే సర్దిన చిప్పల మీదే కాలు పడుతుంది. పెరట్లో నేల మీద ఏళ్ళ తరబడి ఆమె అలాగే చేసింది. దాబా మీదా అలాగే చేసింది.

ఒక శనివారం మధ్యాహ్నం నేను ముందు గదిలో పేపరు చదువుకుంటుంటే పెరట్లో బరువుగా ఏదో పడ్డ చప్పుడైంది. ముందు కొబ్బరిగెల అనుకున్నాను. మా ఆవిడ కేక విని పరిగెత్తాను. వలిచిన పీచు డొక్కలు అక్కడ కుప్పగా పోసి ఉండబట్టి ఆమె ప్రాణం దక్కింది. కుడి తొడ ఎముక మాత్రం విరిగింది.

కబురందగానే డాక్టరుగారు సైకిలు మీద వచ్చారు. శనివారం సైకిలు మీద ఆయన్ని చూడడం నాకదే మొదలు. కాలికి బద్దలు కట్టి, జేబులోంచి కలం తీసి ఆసుపత్రికి చీటీ రాశారు. ఇదేమిటన్నట్టు చూశాను. "ప్రాణం దగ్గరికొస్తే శనివారం పక్కకి తప్పుకోవాలండి. అదీ మా చట్టమే" అన్నారు, తల ఎత్తకుండా.

మంచం మీద మోసుకుపోతుంటే ఆమె పళ్ళు బిగబట్టుకుని నాతో అంది: "నా రాత బాబుగారండి."

ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. సిగ్గుపడుతూ రాస్తున్నాను, నిజంగానే తేలికపడింది. వీధిలోవాళ్ళూ దాని రాతండీ అన్నారు, మీరేం చేస్తారండీ అన్నారు. నేనూ తలాడించాను. ఇంటికి బియ్యం పంపించాను, ఆసుపత్రికి పళ్ళు పంపించాను. నేను మాత్రం వెళ్ళలేదు. అన్నట్టు ఆ పక్షంలోనే సిమెంటు పర్మిట్టు కూడా వచ్చింది.

రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. ఎముక అతుక్కుంటుందనీ, కాలు మాత్రం కొంచెం పొట్టవుతుందనీ చెప్పారు. పాపం, దాని రాత అన్నాను.

"ఆయ్. మావాళ్ళూ సరిగ్గా ఆ మాటే అనుకున్నారండి" అన్నారు. "పిట్టగోడ చట్టం దగ్గర కూర్చుని అడిగేరు, పడేవాడు పడాలని ఎప్పుడో రాసి ఉంటే, గోడ కట్టి లాభమేమిటీ అని. తెలివైన ప్రశ్న. దానికి పెద్దలు చెప్పిందేమిటంటే, రాసే ఉంటుంది, కాదనం. కాని అతను నీ కప్పు మీంచే ఎందుకు పడాలి? అతని రాత అతనిది. నీ గోడ నీది."

నాకు ఒళ్ళు మండింది. "ఆమే తన రాతంటోంది కదండీ! మధ్యలో మీకేమిటి?" అన్నాను. మా ఆవిడ లోపల్నించి గుమ్మందాకా వచ్చింది.

ఆయన నెమ్మదిగా అన్నారు: "మా ఊళ్ళో మా అమ్మనీ, చెల్లెళ్ళనీ యూదులన్న నేరానికి సైనికులు తీసుకుపోయిన రోజున వీధిలో అందరూ తలుపులు వేసుకున్నారట. బతికి మిగిలినవాళ్ళలో ఒకరు ఉత్తరం రాసేరు. ఇప్పుడు ఆ వీధివాళ్ళని అడిగితే, వాళ్ళ రాత అలా ఉంది, మేమేం చేస్తాం అంటున్నారట. అదీ ఇదీ ఒకటని నేననడం లేదండి. ఎంతమాత్రం ఒకటి కాదు. కాని ఆ మాట ఎక్కడ విన్నా నాకు భయమేస్తుంది."

ఆయన వెళ్ళిపోయాక మా ఆవిడ, "రేపు ఆసుపత్రికి వెళ్ళిరండి" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆమె కాలికి తాడు కట్టి, మంచం చివర ఇసక సంచి వేలాడదీశారు. నన్ను చూసి లేవబోయింది. కోర్టులో గంటల తరబడి మాట్లాడేవాణ్ణి, అక్కడ రెండు ముక్కలే వచ్చాయి. "తప్పు నాదమ్మా. గోడ కట్టకుండా నిన్ను పైకి పంపించాను" అన్నాను.

ఆమె నావంక వింతగా చూసింది. ఆ తరవాత గొంతు తగ్గించి అంది: "ఆ మాట మా ఆయనతో సెప్పండి బాబుగారు. పడ్డ కాణ్ణుంచీ నన్నే తిడతన్నాడండి, కళ్ళు నెత్తికెక్కినియ్యా, ఎనకాల సూసుకోవా అని. నా రాతంటే ఊరుకుంటాడేమోనని రాతంటన్నానండి."

మొగుడి తిట్లకి అడ్డం పెట్టుకున్న మాటని నేను దొంగిలించి తెచ్చుకుని, రెండు వారాలపాటు హాయిగా కప్పుకుని పడుకున్నాను.

వరండాలో కూర్చున్న అతన్ని లోపలికి పిలిచి, ఆమె ఎదురుగా ఆ మాట మళ్ళీ చెప్పాను. అతను తలపాగా చేతుల్లోకి తీసుకుని నిలబడ్డాడు.

"గోడుంటే పడేది కాదంటారా?"

"పడేది కాదు."

"అయితే ఇది సూసుకోపోడం కాదంటారు."

"కాదు. చూసుకోంది నేను."

అతను కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఆమె చేతికిచ్చాడు.

పర్మిట్టు మడిచి పెట్టెలో పడేశాను. తామరపువ్వూ వద్దు, సంవత్సరమూ వద్దు. మేస్త్రీని పిలిచి ఇటుకతోనే లేపమన్నాను. ఎంత ఎత్తండీ అన్నాడు. పది బెత్తలన్నాను. ఎవరి బెత్తండీ అన్నాడు వాడు కూడా! డాక్టరుగారిని ఏడిపించడానికి నేనడిగిన ప్రశ్న నా ఇంటికే వచ్చి కూర్చుంది. ఆసుపత్రికి వెళ్ళి ఆమెనే అడిగాను. ఆమె తన అరచెయ్యి చూసుకుని, "నాది సిన్న సెయ్యండి, గోడ పొట్టయిపోద్ది. ఆయన సెయ్యి పెట్టుకోండి" అంది.

మర్నాడు అతను వచ్చాడు. మేస్త్రీ దాబా అంచున ఒక వెదురు కర్ర నిలబెట్టాడు. చెట్లెక్కి ఎక్కి కాయలు కాసిన ఆ వెడల్పాటి చెయ్యి కర్రకి ఆనించి, కింద నుంచి ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ పైకి వచ్చాడు. పది దగ్గర మేస్త్రీ బొగ్గుతో గీత పెట్టబోయాడు. అతను చెయ్యి తియ్యకుండా, దాని మీద రెండో చెయ్యి పెట్టాడు.

"పదన్నారు కదా," అన్నాడు మేస్త్రీ.

"అది ఎనక్కి నడుత్తాదండి," అన్నాడు అతను.

పదకొండు దగ్గరే గీత పడింది. మూడు రోజుల్లో గోడ లేచింది. మేస్త్రీ తాపీ ఇంకా ఇంట్లో ఉండగానే, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద మూరెడు చదరం పూత నేనే గీకేశాను. తరవాత వచ్చినప్పుడు డాక్టరుగారు దాన్ని చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి దాని ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నారు. నాలుగైదేళ్ళ తరవాత, ఎక్కడో మిగిలిన మేనల్లుడి దగ్గరికి వెళ్ళిపోయేదాకా, మా ఇంట్లో ఆయన చోటు అదే.

మరుసటి వేసవికి ఆమె మళ్ళీ పనికి వచ్చింది. కాలు కొంచెం ఈడుస్తోంది. చిప్పలు పెరట్లోనే ఎండబెడదామన్నాను. పైన ఎండ బాగుంటాదండి అని తనే గంప ఎత్తుకుని మెట్లెక్కింది. నేను వెనకాలే వెళ్ళి పై మెట్టు మీద నిలబడ్డాను.

ఆమె నడుం వంచి చిప్పలు తిరగేసుకుంటూ, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ అంచుదాకా వచ్చింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. గోడ తగిలింది. అలాగే ఒక క్షణం గోడకి ఆనుకుని నిలబడి, చెంగుతో మొహం తుడుచుకుని, రెండో వరసకి వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకి కనబడకుండా కిందికి దిగిపోయాను.