గోడమీద నిలవని చారలు

ఈ రోజు వడోద్‌లో వలస వచ్చి బతుకుతున్న మన తెలుగు నేత కార్మికులకు టెలిస్కోపుల గురించి చెప్పడానికి వెళ్లాను. నాది బ్యాంకు ఉద్యోగం, ఆదివారం వస్తే ఈ పిచ్చి. వేర్వేరు పెద్ద టెలిస్కోపులకు అందిన పరారుణ కాంతిని ఒకచోట కలిపితే, మన గెలాక్సీ నడిబొడ్డున ధూళి చాటున తిరిగే నక్షత్రాల కదలికలు కూడా కొలవచ్చని చెప్పాను.

కాంతి కలిస్తే చారలు ఎలా వస్తాయో చూపిద్దామని బల్లమీద బ్యాటరీ లేజరు, అద్దాలు అమర్చాను. మేమున్న మేడగది కింద పవర్‌లూమ్‌ల షెడ్డు, వీళ్ల మాటలో సాంచాలు. ఆ అదురుకి గోడమీద చారలు ఒక్క క్షణం నిలవలేదు. అద్దాల మరలు తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాయి.

"కాసేపు మిషన్లు ఆపిస్తారా?" అని కార్మికుడు రాజయ్యను అడిగాను.

"సాంచాలు ఆగితే మాకు నిద్ర గూడ పట్టది సార్," అన్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగాయి. చీకట్లో చారలు గీసినట్టు నిలబడ్డాయి! "చూడండి!" అని అరిచి వెనక్కి తిరిగాను. గదిలో ఒక్కరూ లేరు. చప్పుడు ఆగేసరికి ఏమైందోనని అందరూ కిందికి పరుగెత్తారు.

కరెంటు వచ్చాకే పైకొచ్చారు. చారలు మళ్లీ వణుకుతున్నాయి.

"ఏది సార్, గిప్పుడు జర సూపియ్యుండ్రి," అన్నాడు రాజయ్య.

మీరైతే ఏం చూపించేవారు?