సముద్రానికి జిరాక్సు చెల్లదు

మా ఇంట్లో ఒక పాత స్టీలు డబ్బా ఉంది. మూత తిప్పితే కరకరమంటుంది. మరలు అరిగిపోయాయని మా ఆవిడ అంటుంది, అది బాపట్ల ఇసుక అని నేనంటాను. ఇన్నేళ్ల తోముడుకు ఇసుక నిలుస్తుందా అని ఆమె అడగదు. మంచి మనిషి.

అప్పట్లో హైదరాబాదు ఉస్మాన్‌గంజ్‌లో మాకు కింద ఎండుమిర్చి దుకాణం, పైన ఇల్లు. ఎండాకాలం బస్తాలు దిగుతుంటే వీధంతా తుమ్మేది. మా నాయనమ్మ ఒక్కతే తుమ్మకుండా గడప మీద కూర్చుని, ఘాటుకు కారే కళ్లను కొంగుతో ఒత్తుకుంటూ, "సముద్రం గాలి మస్తు సల్లగుంటదంట గదా" అని వచ్చేపోయే హమాలీలను అడిగేది. ఆమె చూసిన పెద్ద నీళ్లు హుస్సేన్‌సాగరే. దాన్నిబట్టి సముద్రపు గాలిని ఊహించుకోవడం కొంచెం కష్టం.

నేను ఐదో తరగతిలో ఉండగా, ఆమె పోరు పడలేక, మా నాన్న, అదే మా బాపు, బజారుకు సెలవైన ఒక అమావాస్యకు దుకాణం మూసి, బాపట్ల దగ్గర సముద్రపొడ్డు రిసార్టులో గది చెప్పించాడు. పొద్దున్నే రైలు దిగి, ఈ స్టీలు డబ్బా నిండా పులిహోరతో స్టేషన్ బయటికొచ్చాం. "భాయ్, సమందర్ చల్తే క్యా?" అని బాపు ఆటో అతన్ని అడిగాడు. ఆటోవాళ్లతో ఉర్దూలో తప్ప మాట్లాడి ఎరుగడు. మేం ఉత్తరాదివాళ్లమనుకుని ఆ డ్రైవరు, జీడిమామిడి తోటల మధ్య చెమటలు కక్కుతూ హిందీ వెతుక్కున్నాడు. చివరికి నాయనమ్మే కల్పించుకుంది.

"బిడ్డా, నువ్వు తెలుగోనివే గదా, ఏంది గీ తిప్పలు?"

"అమ్మయ్య! ముందే చెప్పొచ్చుగా మామ్మగారూ, నాకొచ్చిన హిందీ అయిపోయింది."

రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "పెద్దోళ్లందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ చూపించాలండి. బయటి తిండి లోపలికి తేకూడదండి."

మా ఇంట్లో అసలు కాగితం ఏదైనా దుకాణంలోని ఇనప తిజోరీ దాటదు. ఊళ్లు తిరిగేది జిరాక్సులే. బాపు వాటిని గర్వంగా తీశాడు.

"ఇవి చెల్లవండి."

"ఒరిజినల్ తిజోరీల భద్రంగున్నదన్నా, నువ్వేం ఫికర్ చెయ్యకు."

వాచ్‌మన్ ఫికర్ చెయ్యలేదు. గేటూ తియ్యలేదు.

గోడవతల సముద్రం హోరుమంటోంది, కనిపించేది మాత్రం సున్నం వేసిన గోడ. బాపు తిరుగు రైలు మాట ఎత్తాడు. నాయనమ్మ ఒళ్లో డబ్బాతో ఆటోలోంచి కదల్లేదు.

"బిడ్డా, గీ గోడ ఏడిదాకుంది?"

"ఆ కొబ్బరిచెట్ల దాకానండి."

"ఆడ సముద్రం అయిపోతదా?"

వాచ్‌మన్‌కు నవ్వాగలేదు. "లేదండి, సముద్రం ఉంటదండి. గోడే ఉండదు."

డ్రైవరు ఇంకెవరినీ అడక్కుండా ఆటో తిప్పాడు.

కొబ్బరిచెట్లు దాటాక నాయనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, చీర తడుస్తున్నా చూసుకోకుండా, మోకాళ్లలోతుకు వెళ్లి నిలబడింది. ఇంత నీళ్లు చూసి ఆమె ఏమంటుందోనని మేం ఎదురుచూశాం. ఒక అల ముఖాన కొడితే పెదాలు చప్పరించి, "ఉప్పు జరంత ఎక్కువైంది" అంది. ఆ తర్వాత అందరం, డ్రైవరుతో సహా, ఇసుక నములుతూ పులిహోర తిన్నాం.

ఇప్పుడు నాయనమ్మ లేదు. తిజోరీ పాత ఇనుముకు పోయింది, దుకాణం సెల్‌ఫోన్ల కొట్టయింది, వీధి తుమ్మడం మానేసింది. నా కార్డులన్నీ ఫోనులోనే ఉంటాయి గనక ఏ గేటూ నన్ను ఆపదు. ప్రతి వేసవీ పిల్లలతో వెళ్లి గోడ లోపలే గది తీసుకుంటాను, ఏసీ బాగుంటుంది. కానీ ముందు ఆటోను కొబ్బరిచెట్లవైపు పొమ్మంటాను. గోడ కొంచెం పెరిగింది, అయిపోయే చోటు మాత్రం ఇంకా ఉంది. అక్కడ కూర్చునే ఈ డబ్బా మూత తీస్తాం. అది కరకరలాడడానికి అదీ ఒక కారణం కావచ్చు.