దస్తగిరి సాబ్ రెండు బోల్టులు

ఆదోనిలో దస్తగిరి సాబ్‌ను ఏ సంగతి అడిగినా జవాబు రెండు తుపాకుల దగ్గర తేలుతుంది: మౌజరా, ఎన్‌ఫీల్డా? లైసెన్సు తుపాకులు బాగుచేయడం ఆయన వృత్తి. ఆ రెంటినీ పోల్చడం ఆయన ఊపిరి.

ఎమ్మిగనూరు నుంచి పెళ్లి సంబంధానికి సలహా అడగడానికి వచ్చినవాళ్లతో, "పెద్దోడు మౌజర్. గట్టోడు, నిదానం. సిన్నోడు ఎన్‌ఫీల్డ్. సురుకే గానీ పట్టంతా యెనకనే" అన్నాడట. పప్పులో ఉప్పు సరిపోయిందా అని భార్య హుసేనమ్మ అడగడం మానేసి ముప్పై ఏళ్లు.

ఒకరోజు పదకొండు గంటలకు తిరుపాల్ ఆయన దుకాణంలోకి దూసుకొచ్చాడు. వేరుశనగ చేనులో పందులు పడకుండా తాతల కాలంలో తీసుకున్న తుపాకీ చేతిలో ఉంది. ఆ పొద్దునే తమ్ముడు జయరాం, నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, బోరు పైపు నరికేశాడు.

"సాబ్, బోల్టు ఇరుక్కున్యాది. ఇప్పుడే కావల్ల."

"పందులా?"

"ఒకటే పంది. రెండు కాళ్లది."

సాబ్ అతని కళ్లలోకి చూశాడు. ఒక్క తట్టు తట్టి, గుండును గొట్టంలోకి తోసి బిగించే ఆ బోల్టును ఊడదీసి, ముక్కముక్కా విప్పి గుడ్డమీద పరిచాడు. పక్కనే ఒక పాత మౌజర్ బోల్టు పెట్టాడు.

"కూర్సో. నీది ఎన్‌ఫీల్డ్ జాతి. బిగించి పట్టే చెవులు దీనికి యెనకుంటాయి. మౌజర్‌కు ముందర, గుండు పక్కనే. యాది బలం?"

"నాకేం తెల్సు సాబ్! తొందరగా..."

"తొందరంటే ఎన్‌ఫీల్డే! పిడి కొంచెం ఎత్తితే సాలు. మౌజర్‌కు నిలువునా లేపల్ల."

పన్నెండింటికి తిరుపాల్ పళ్లు నూరుతున్నాడు. ఒంటిగంటకు సాబ్ రెండు బోల్టులూ అతని చేతుల్లోనే పెట్టాడు. తిరుపాల్ ముక్కలు ఒకదాన్లో ఒకటి దూర్చాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఉక్కు ఉక్కులోకి వెన్నలా జారింది. ఎవరో ఎక్కడో కూర్చుని వెంట్రుకవాసి తేడా కోసం ఇంత ఆలోచించారా! అతని నోరు తెరుచుకుంది.

"మరి స్ప్రింగు ఎప్పుడు బిగుసుకుంటాది సాబ్?"

ముప్పై ఏళ్లలో తనను తుపాకీ గురించి అడిగిన మొదటి మనిషి! సాబ్ కళ్లు చెమర్చాయి. "మౌజర్‌కు తెరిసేటప్పుడు. ఎన్‌ఫీల్డ్‌కు మూసేటప్పుడు!"

హుసేనమ్మ జొన్నరొట్టెలు తెచ్చిపెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని తిరుపాల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు తిన్నాడు. ఆఖరి ముక్క నోట్లో ఉండగా ఫోను మోగింది. జయరాం.

"అన్నా, యెదవపని సేసినా. పైపు అతికిస్తాండా. అవతలి కొస పట్టుకునే మనిషి ల్యాడు. యాడుండావ్?"

తిరుపాల్ రొట్టె మింగాడు. "వస్తాండాలే. బంక మందంగా పూయి."

లేచేసరికి సాబ్ బోల్టు ముక్కల్ని మూటగడుతున్నాడు. "ఈపొద్దు కాదప్పా. స్ప్రింగు తెప్పించల్ల."

అన్ని గంటలు పాఠం విన్న తిరుపాల్‌కు తెలుసు, స్ప్రింగు నిక్షేపంగా ఉంది. హుసేనమ్మ పళ్లెం తీస్తూ నవ్వింది. "పందులకైతే పావుగంటలో సేసిస్తాడు నాయనా."

అప్పుడు చూశాడు తిరుపాల్. గోడకు బోల్టుల్లేని తుపాకులు మూడు వేలాడుతున్నాయి.

"వీటికీ స్ప్రింగులు రాలేదా సాబ్?"

"యాడొచ్చినాయి! ఒకాయనకు పదకొండేండ్లాయె. మొన్న తమ్ముని కూతురి పెండ్లికి పిలవనీకొచ్చినాడు. తుపాకీ మాటే ఎత్తలే."

తిరుపాల్ తన తుపాకీని తనే తీసుకెళ్లి నాలుగో మేకుకు తగిలించాడు.

"మరి పందులొస్తే?"

"డబ్బా వాయించు నాయనా" అన్నాడు సాబ్.